గీజర్‌లో డేవీ

గీజర్ అన్న పేరు ఐస్‌లాండ్‌లో వేడినీళ్ళు చిమ్మే ‘గేసిర్’ అనే ఊట నుంచి వచ్చింది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన గ్యాస్‌తో నీళ్ళు కాచే తన యంత్రానికి ఆ పేరు పెట్టుకున్నాడు. పొగ బయటికి పోవడానికి దానికి గొట్టం కూడా లేదు! సరే, పేరు సంగతి అలా ఉంచితే, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది లోపలుండే ఒక కడ్డీ చరిత్ర.

నీళ్ళు కాచే ఎలిమెంట్ గురించి కాదు నేను చెప్పేది. దాని పక్కనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఆనోడ్ అంటారు. కరిగిపోవడమే దాని ఉద్యోగం. ఉక్కు ట్యాంకుకి లోపల గాజులాంటి పూత ఉన్నా, ఎక్కడో సన్నటి పగుళ్ళలోంచి నీళ్ళు ఉక్కుని తాకుతాయి. ఇనుము కన్నా మెగ్నీషియం ఎలక్ట్రాన్లని తేలిగ్గా వదిలేస్తుంది కాబట్టి ముందు అది పోతుంది, ట్యాంకు నిలుస్తుంది.

ఈ ఆలోచన యుద్ధనౌకల అడుగున పుట్టింది. చెక్క ఓడల్ని పురుగులు తొలిచెయ్యకుండా బ్రిటిష్ నౌకాదళం వాటి అడుగుకి రాగిరేకులు తొడిగేది. సముద్రపు నీళ్ళు ఆ రాగిని తినేస్తుంటే, ఏదన్నా దారి చూపమని హంఫ్రీ డేవీని అడిగారు. అప్పటికాయన రాయల్ సొసైటీ అధ్యక్షుడు, గని దీపంతో పేరు మోసినవాడు. రాగికి ఓ చిన్న జింకు ముక్కో ఇనుప ముక్కో తగిలించండి, రాగి బదులు అది పోతుంది అన్నాడు 1824లో. అలాగే జరిగింది, రాగి నిలిచింది. కానీ అన్నాళ్ళూ నాచునీ గుల్లల్నీ ఓడకి అంటనివ్వనిది ఆ కరిగే రాగి విషమే. కరగడం ఆగేసరికి అవి దట్టంగా పట్టేశాయి, ఓడలు నెమ్మదించాయి. నౌకాదళం ఆ ముక్కల్ని పీకించేసింది. డేవీ నవ్వులపాలయ్యాడు, 1829లో పోయాడు.

దీన్ని డేవీ వైఫల్యం అంటే నేనొప్పుకోను. ఒక బగ్ సరిచేస్తే, దాని మీదే ఆధారపడి నడుస్తున్న ఇంకోటేదో కూలడం మా ఆఫీసులో మామూలే. రసాయన శాస్త్రం వరకూ ఆయన చెప్పింది సరైనదే. గీజర్‌లో నాచూ లేదు, గుల్లలూ లేవు. ఆ ఉపాయానికి సరిగ్గా సరిపోయే చోటు అది.

అయినా మన ఇళ్ళలో ఆ కడ్డీని ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్ బోరునీళ్ళకి ఎలిమెంట్ మీద సున్నం పేరుకుంటుంది. నీళ్ళు ఓ పట్టాన కాగవు, లోపల టపటపా చప్పుడు, చివరికి ఎలిమెంట్ చిట్లి ఎంసీబీ పడిపోతుంది. ఇవన్నీ బాగయ్యే జబ్బులే. ట్యాంకు చిల్లు పడితే మాత్రం “ఇంక కొత్తది తీసుకోండి సార్” అనడమే. మా అపార్ట్‌మెంట్లో ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో! మా నానమ్మ పెరట్లో రాగి బాయిలర్‌ని చింతపండు వేసి తోమేది. ఎక్కడ సొట్ట పడిందో, ఎక్కడ కారుతోందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. గీజర్ తెల్లటి మూసిన డబ్బా. ఎలిమెంట్ మార్చడానికి ఎలాగూ దాన్ని విప్పుతారు. మెయిన్ ఆపి, నీళ్ళు వదిలేశాక, ఆ కడ్డీ కూడా చూపించమని అడగండి. పుల్లలా సన్నబడి మధ్యలో ఇనుప తీగ కనిపిస్తోందంటే, కొత్తది వేయించాల్సిన సమయం వచ్చినట్టే.