రైల్వే గేటు దగ్గర వారానికి ఎన్ని గంటలు? ప్రభుత్వోద్యోగుల పనిగంటల ఏకరూపతపై ఒక పరిశీలన

వెలగపూడి సచివాలయంలో 2016 నుంచి వారానికి ఐదు రోజుల పని. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా, భోజనానికి అరగంట పోను, వారానికి 35 గంటలు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో 1985 జూన్‌లో మొదలైన ఐదు రోజుల వారం 40 గంటలది. పనిగంటలను ఏకరూపం చేయాలన్న చర్చ మన దగ్గర ఎక్కువగా ఈ తేడా చుట్టూ, రెండో శనివారం చుట్టూ, బయోమెట్రిక్ హాజరు చుట్టూ తిరుగుతుంది. అసలు అంతరం కార్యాలయాల బయట ఉంది. అదే కేంద్ర ప్రభుత్వం కింద లెవెల్ క్రాసింగ్ గేటు కాసే ఉద్యోగితో వారానికి 75 గంటల దాకా పని చేయించుకోవచ్చని చట్టమే చెబుతోంది.

రైల్వేలో పనిగంటల వర్గీకరణ పాతది. 1947లో న్యాయమూర్తి రాజాధ్యక్ష ఇచ్చిన అవార్డుతో నాలుగు తరగతులు స్థిరపడ్డాయి. 1989 రైల్వే చట్టం వాటినే కొనసాగించింది. తీవ్రమైన పనికి వారానికి సగటున 45 గంటలు, నిరంతర పనికి 54, మధ్యమధ్య ఖాళీ దొరికే పనికి 75 పరిమితి. పర్యవేక్షకుల వంటి వారిని ఈ లెక్కల నుంచి మినహాయించారు. మూడో తరగతి నిర్వచనమే ఇక్కడ కీలకం. పన్నెండు గంటల డ్యూటీలో సగమో అంతకుమించో ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో శరీర శ్రమ గానీ ఎడతెగని ఏకాగ్రత గానీ అవసరం కాకూడదు. దీన్ని తేల్చడానికి వరుసగా 72 గంటలు పరిశీలించి ‘జాబ్ అనాలిసిస్’ చేస్తారు.

రాత్రి రెండింటికి గేటు దగ్గర జరిగేది చూద్దాం. ఫోన్ మోగుతుంది. స్టేషన్ మాస్టర్ రైలు నంబరు చెబుతాడు. గేట్‌మన్ గేటు వేసి, మూసినట్టు ధ్రువీకరించే ‘ప్రైవేట్ నంబరు’ ఇచ్చి, రిజిస్టర్లో సమయం రాస్తాడు. అటూ ఇటూ లారీలు హారన్ కొడుతుంటాయి. రైలు వస్తున్నప్పుడు దీపం పట్టుకుని నిలబడి, ఏ పెట్టె కిందైనా ఏదైనా వేలాడుతోందా, ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా అని చివరి పెట్టె దాటేదాకా చూడాలి. తరువాత గేటు ఎత్తాలి. మళ్లీ ఫోన్ మోగడానికి ముప్పావుగంట పట్టిందనుకుందాం. పరిశీలకుడి కాగితం మీద అది ఖాళీ. ఆ ముప్పావుగంటలో అతను కునుకు తీయకూడదు, గేటు వదిలి పోకూడదు, మొదటి రింగుకే పలకాలి. దాన్ని విశ్రాంతి కింద కట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. సచివాలయంలో ఫైలు రాని గంటను ఎవరూ జీతం లెక్కలోంచి తీసేయరు కదా.

రద్దీ ఎక్కువున్న గేట్లలో ఎనిమిది గంటల షిఫ్టులు ఉన్న మాట నిజం. మిగిలిన చోట్ల పన్నెండు గంటల రోస్టరు ఎందుకు పోదో చిన్న గుణకారం చెబుతుంది. గేటు దగ్గర వారంలో 168 గంటలూ మనిషి ఉండాలి. ఒక్కొక్కరితో 72 గంటలు చేయిస్తే ఆరు గేట్లకు 14 మంది చాలు. 48 గంటలైతే 21 మంది కావాలి. సెలవులకు వేసే బదిలీ మనుషులు ఇందులో లేరు. ఆ ఏడు పోస్టుల జీతం మిగుల్చుకోవడానికే ‘ఖాళీ’ అన్న వర్గీకరణ పనికొస్తోంది.

ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 చట్టమే వారానికి 48 గంటల హద్దు గీసింది. ఒకే చోట కట్టుబడి ఉండాల్సిన ప్రతి ప్రభుత్వ కొలువుకూ కనీసం ఆ హద్దు వర్తించాలి, హాజరైన గంట మొత్తం పనిగంటగా చేరాలి. ఇది రైల్వే దగ్గరే ఆగదు. రాత్రి కాపలాదారులకూ, పోలీస్ స్టేషన్‌లో పిలుపు కోసం కాచుకుని ఉండే కానిస్టేబుళ్లకూ ఇదే కొలత ఉండాలి. ఒక్కసారిగా పోస్టులు మంజూరు చేయడం కష్టమైతే రాత్రి డ్యూటీ ఉన్న గేట్లతో మొదలుపెట్టవచ్చు. రైళ్లు పెరిగిన ప్రతి సెక్షన్‌లో పాత జాబ్ అనాలిసిస్ పక్కనపెట్టి కొత్తది చేయించాలి. ఆ పరిశీలన సాగే 72 గంటలూ పరిశీలకుడి పక్కన ఉద్యోగ సంఘం ప్రతినిధి కూడా కూర్చోవాలి.