సిల్క్ స్మిత
సిల్క్ స్మిత (2 డిసెంబరు 1960 – 23 సెప్టెంబరు 1996) దక్షిణ భారత చిత్రాల్లో నర్తకిగా, శృంగార పాత్రధారిణిగా పేరొందిన తెలుగు నటి. అసలు పేరు వడ్లపాటి విజయలక్ష్మి. ఏలూరు సమీపంలోని కొవ్వలిలో, నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టింది. పేదరికం వల్ల నాలుగో తరగతితోనే చదువు ఆగింది. చిన్న వయసులో జరిగిన పెళ్లి నిలవలేదు. మద్రాసు చేరి మొదట నటీమణులకు టచప్ పని చేసింది. తమిళ చిత్రం 'వండిచక్కరం' (1980)లో పోషించిన పాత్ర పేరు 'సిల్క్' ఆమెకు స్థిరపడింది.

కథానాయికలకు తెల్లని మేనిఛాయే అర్హతగా చలామణీ అయిన కాలంలో ఆమె చామనఛాయతోనే తారగా నిలిచింది. జ్యోతిలక్ష్మి, జయమాలినిల క్లబ్ నృత్యాల ఒరవడిలోనే వచ్చినా, కుర్రకారును కట్టిపడేసింది దుస్తుల కురచదనం కన్నా మత్తు చూపులు, తొణకని ధీమా. పూర్తయిన చిత్రాలకు సైతం ఆమె పాటను అతికించి విడుదల చేసిన సందర్భాలున్నాయి. 'మూండ్రాం పిరై' (1982), 'బావా బావమరిది' (1993) నృత్యాలు ప్రసిద్ధం. 'సీతాకోకచిలుక' (1981)లోని గృహిణి పాత్రకు మెప్పు దక్కినా అటువంటివి అరుదుగానే వచ్చాయి. 450కి పైగా చిత్రాల్లో నటించి, చెన్నైలోని తన ఇంట్లో మరణించింది.

ఆమె జీవితం ప్రేరణగా వచ్చిన హిందీ చిత్రం 'ది డర్టీ పిక్చర్' (2011)లో ప్రధాన పాత్ర కోసం నటి విద్యాబాలన్ బరువు పెరిగింది. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది.