113, 1757: రెండు నంబర్ల కథ

గోల్ఫ్ అంటే మనలో చాలామందికి రిటైరైన మిలిటరీ ఆఫీసర్లూ, కంపెనీల వైస్ ప్రెసిడెంట్లూ ఆడుకునే ఆట. నిజానికి మన దేశానికి కొత్తదేం కాదు. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు 1829లోనే పెట్టారు. అయితే ఈ ఆటలో నన్ను కట్టిపడేసింది పచ్చగడ్డీ కాదు, తెల్లబంతీ కాదు. హ్యాండిక్యాప్ అనే లెక్క. కొత్త కంప్యూటర్ కొనేముందు మనందరం వెతికే బెంచ్‌మార్క్ స్కోరుకీ దీనికీ దగ్గర చుట్టరికం ఉంది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో ఒకే చిక్కులో పడ్డాయి.

ముందు గోల్ఫ్ సంగతి. ఇందులో ఎన్ని తక్కువ దెబ్బల్లో ఆట ముగిస్తే అంత గొప్ప. 18 గుంతలకి మామూలుగా 72 దెబ్బలు. సరదాగా ఆడే అమెచ్యూర్లలో ఒకాయన 76 కొడతాడు, ఇంకొకాయన 95 కొడతాడు. వీళ్ళిద్దరూ కలిసి ఆడితే మజా ఏముంటుంది? అందుకని బలహీనుడికి కొన్ని దెబ్బలు మినహాయించి పోటీ సమానం చేస్తారు. అదే హ్యాండిక్యాప్. అమెరికా గోల్ఫ్ సంఘం 20వ శతాబ్దం మొదట్లోనే దీన్ని దేశమంతటికీ ఒక పద్ధతిగా పెట్టింది.

చిక్కెక్కడొచ్చిందంటే, అన్ని కోర్సులూ ఒకటి కావు. ఒకటి చదునైన మైదానం, ఇంకొకటి అడుగడుక్కీ చెరువులూ ఇసక గుంటలూ. కోర్సు ఎంత కష్టమో చెప్పే రేటింగు అప్పటికే ఉంది కానీ, అది బాగా ఆడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని వేసింది. మంచి ఆటగాడు చెరువు మీదుగా బంతిని అవతలికి కొట్టేసి, అక్కడ చెరువుందన్న సంగతే పట్టించుకోడు. మామూలువాడు అదే చెరువులో మూడు బంతులు పోగొట్టుకుంటాడు. అంటే కష్టం ఇద్దరికీ ఒకేలా పెరగదు. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే y = mx + cలో వాళ్ళ దగ్గర c ఉంది, m లేదన్నమాట.

ఆ mని పట్టుకున్నాయన పేరు డీన్ నూత్. (మన అల్గారిథమ్స్ పుస్తకాల డొనాల్డ్ నూత్ కాదు, ఈయన వేరు.) 1970లలో అమెరికా నౌకాదళానికి చెందిన పీజీ స్కూల్లో చదువుతూ ఈ లెక్కల మీద పనిచేశాడు. తర్వాత గోల్ఫ్ సంఘంలోనే చేరి, 1980లలో 'స్లోప్' పద్ధతిని అమల్లోకి తెచ్చాడు. ఒక ప్రామాణికమైన కోర్సులో హ్యాండిక్యాప్ 1 పెరిగితే స్కోరు సుమారు 1.13 పెరుగుతుంది. అందుకే దాని స్లోప్ 113. మీ ఇండెక్స్ 20 అయితే అక్కడ మీకు 20 దెబ్బల మినహాయింపు. స్లోప్ 141 ఉన్న కోర్సుకి వెళ్తే 20ని 141తో గుణించి 113తో భాగించండి. సుమారు 25 వస్తుంది. మనిషి అదే మనిషి, నేల మారింది కాబట్టి నంబరూ మారింది.

ఇక కంప్యూటర్ వైపు రండి. 1977లో వచ్చిన వ్యాక్స్ 11/780 మెషిన్ని 'ఒక మిప్స్' కొలబద్దగా జనం వాడుకున్నారు. 1984లో డ్రైస్టోన్ అనే చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ వచ్చింది. వ్యాక్స్ దాన్ని సెకనుకి 1757 సార్లు నడిపింది. ఇంకేముంది, ఏ కొత్త మెషిన్ స్కోరునైనా 1757తో భాగించడమే! (బొబ్బిలి యుద్ధం జరిగిన సంవత్సరం కాబట్టి మనవాళ్ళకి ఇది గుర్తుపెట్టుకోవడం తేలిక.) కానీ ఆ ప్రోగ్రామ్ మరీ చిన్నది. కంపైలర్లు రాసేవాళ్ళు దాన్ని వడగట్టేసి స్కోర్లు పెంచేశారు. చదునైన మైదానంలో కొట్టిన స్కోరు చూపించి నేనే ఛాంపియన్ అన్నట్టు.

దాంతో 1988లో కొన్ని కంపెనీలు కలిసి స్పెక్ అనే సంస్థ పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది జీసీసీ లాంటి నిజమైన ప్రోగ్రాములతో సహా పదింటితో పరీక్ష తయారుచేశాయి. అక్కడా మనవాళ్ళు ఊరుకోలేదు. అందులో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రామ్ ఒక్కదాన్నీ కంపైలర్లు ఎక్కడికో తీసుకెళ్ళిపోయాయి. 1992 పరీక్షలోంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది. 2013లో కొన్ని ఫోన్లు బెంచ్‌మార్క్ యాప్ పేరు గుర్తుపట్టి, అది నడిచినంతసేపూ వేగం పెంచుకుంటూ దొరికిపోయాయి.

గోల్ఫ్‌లో మోసం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ కావాలని చెత్తగా ఆడి, మినహాయింపు పెంచుకుని, అసలు పందెం రోజున గెలుస్తారు. దానికి విరుగుడు ఏంటంటే, 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి చివరి 20 ఆటల్లో మంచివి 8 మాత్రమే చూస్తుంది. కావాలని చెడగొట్టిన ఆటలు చాలావరకు పక్కకే పోతాయి.

ఈమధ్య కొత్త లాప్‌టాప్ కొన్నాను. బెంచ్‌మార్క్ స్కోరు పాతదానికి మూడు రెట్లుంది. మా ప్రాజెక్ట్ మొత్తం బిల్డ్ చేసి చూస్తే అందులో సగం లాభం కూడా కనపడలేదు. డిస్కూ, నెట్‌వర్కూ, టెస్టులూ అన్నీ కలిపి నా కోర్సు స్లోప్ వేరు. మెషిన్ది తప్పేం లేదు.

ఇంతకీ ఈ గోల్ఫు గోలంతా ఎందుకంటే, మన అప్రైజల్ గురించి. ఒకడికి డాక్యుమెంటేషన్ లేని ఇరవై ఏళ్ళనాటి కోడ్ అప్పజెప్తారు. రాత్రి రెండింటికి ఫోన్లు. ఇంకొకడికి కొత్త ప్రాజెక్ట్, ఖాళీ పేజీ. ఏడాది చివర ఇద్దర్నీ ఒకే బెల్ కర్వ్ మీద పడేస్తారు. 1980లలో జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ పేరు మోసేలా చేసిన పద్ధతి ఇది. మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. పేరు మార్చుకుని ఇంకా చాలాచోట్ల బతికే ఉంది.

శనివారం పొద్దున సరదాగా ఆడుకునే అమెచ్యూర్ల కోసం అంత ఆలోచించి స్లోప్ కనిపెట్టారు. అదీ ఎవరు గొప్పో తేల్చడానికి కాదు, అసమానులు కలిసి ఆడుకోవడానికి. మన జీతాలూ, ఉద్యోగాలూ ఆధారపడే నంబరుకి మాత్రం m లేదు.

ఈసారి మేనేజర్ మీ రేటింగ్ 3 అని చెప్తే వాదన పెట్టుకోకండి. ఒక్క ప్రశ్న అడగండి చాలు: "ఏ కోర్సులో సార్?"