సుగ్గికి పోయిన క్లాస్‌మేటు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళకి "సుగ్గి" అంటే ఏంటో చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం: వానలు ముఖం చాటేస్తే ఇంటికి తాళమేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకో ఇంకెక్కడికో కూలికి పోవడం. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా నా పక్క బెంచీ వాడు అలాగే పోయాడు. నాలుగు నెలలకి ఊరికొచ్చాడు, బడికి మాత్రం రాలేదు. లెక్కల్లో నాకంటే చురుకు. వాడికి కావలసింది ఆ నాలుగు నెలలూ పడుకోవడానికి ఓ చోటు, రెండు పూటలా అన్నం. అంతే.

ఈ మధ్య మా ప్రాంతపు చర్చిల చరిత్ర చదువుతుంటే మళ్ళీ వాడే గుర్తొచ్చాడు.

1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారిలో 1810 నుంచీ లండన్ మిషన్ వాళ్ళు. కర్నూలు టౌన్‌లో అమెరికన్ బాప్టిస్టులు (కోల్స్ హైస్కూల్ వాళ్ళదే). నంద్యాల వైపు ఆంగ్లికన్ల ఎస్పీజీ మిషన్. ఒకరి ఏరియాలోకి ఇంకొకరు పోకూడదని మిషన్ల మధ్య ఒప్పందాలుండేవి. అంటే మాలగేరి, మాదిగగేరి పిల్లాడికి ఏ మిషన్ బడి, ఏ బోర్డింగ్ దొరుకుతుందన్నది చాలావరకు వాడు పుట్టిన తాలూకాని బట్టే! బళ్ళూ బోర్డింగులూ పెట్టి వాళ్ళు చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఎవరి లెక్క వాళ్ళది.

ఈ గీతలు మనం గీసుకున్నవి కావు కదా అన్న మాట 1919లో తరంగంబాడిలో గట్టిగా వినబడింది. ముందు నిలబడిన వాళ్ళలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. బిషప్ కాకముందు ఆయన వైఎంసీఏ సెక్రటరీ. అక్కడ ఏ చర్చి కుర్రాడైనా ఒకటే. కలిసి పనిచేయడం ఆయనకి అక్కడే అలవాటయ్యుంటుందని నా అనుమానం.

చర్చిలు నిజంగా కలవడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ పుట్టింది. చూడ్డానికి అజరయ్య లేరు, 1945లోనే పోయారు. బాప్టిస్టులు, లూథరన్లు చేరలేదు. నంద్యాల ఆంగ్లికన్లలో ఎక్కువమంది కూడా చాలా ఏళ్ళు బయటే ఉండిపోయారు. బిషప్ అభిషేకం లేని పాస్టర్లని ఒప్పుకోవాలా వద్దా అన్నది పెద్ద తగువు.

ఇక్కడే అసలు సంగతి. ఈ తగువులేవీ తేలకముందే, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియం తెరిచారు. వేర్వేరు మిషన్లు కలిసి నడిపిన ఆసుపత్రి అది. రోగి ఏ చర్చి వాడైతే ఏం, దగ్గు ఒకటే కదా.

మన భాషలో చెప్పాలంటే, అందరి కోడూ ఒకే రిపాజిటరీలోకి మెర్జ్ చెయ్యాలని కూర్చుంటే తరం గడిచిపోతుంది. ఒక్క సర్వీసు కలిసి నడుపుకోవడానికి మెర్జ్ అక్కర్లేదు.

ఆదోనిలో ఒకే పేటలో మూడు నాలుగు చర్చిలు కనబడతాయి. ఎవరి మైకు వాళ్ళది. ఆదివారం తప్ప హాళ్ళు చాలావరకు ఖాళీ. సుగ్గి రోజుల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెడుతోంది, మంచిదే. వాటికి తోడుగా ఈ నాలుగు చర్చిలూ ఒక వంట, ఒక ట్యూషన్ టీచరు, ఒక హాలు కలిపి పెడితే?

"మతం మార్చడానికే" అంటారని తెలుసు. అందుకే ఒక్క షరతు: పిల్లాడి దగ్గర ప్రార్థన అడక్కూడదు, హాజరు మాత్రమే అడగాలి. గుళ్ళకీ మసీదులకీ ఇదే మాట చెప్తాను. ఖాళీ హాళ్ళు వాళ్ళకీ ఉన్నాయి.

నా పక్క బెంచీ వాడు ఏ గుడికి పోయేవాడో, ఏ చర్చికి పోయేవాడో నాకిప్పటికీ తెలీదు. వాడు లెక్కలు బాగా చేసేవాడని మాత్రం తెలుసు.