కల్తీ కల్లు, మెదడు పనితీరు లోపం: చికిత్స

శరీరంలోని మరో లోపం వల్లనో, విషం వల్లనో మెదడు పని మొత్తంగా గాడి తప్పితే వైద్యులు ఎన్‌సెఫలోపతి అంటారు. దీనికి ఒకే మందు లేదు, కారణానికే వైద్యం. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన కారణం కల్తీ కల్లు. చెట్టు కల్లు చాలనిచోట నీళ్లు కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలం వేస్తారు. ఏళ్ల తరబడి తాగితే మెదడు వాటికి అలవాటు పడుతుంది. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు పెరగగానే మహబూబ్‌నగర్ సహా పలు జిల్లాల ఆస్పత్రులకు వణుకు, మూర్ఛలు, వింత ప్రవర్తనతో జనం వచ్చారు. మత్తు ఎక్కి కాదు, అందక.

ఇక్కడ చికిత్స తలకిందులుగా కనిపిస్తుంది. మానేసిన మందు జాతికే చెందిన డైజపామ్ ఇచ్చి, క్రమంగా మోతాదు తగ్గిస్తారు. ఈ జాతి మందుల మత్తుకు విరుగుడైన ఫ్లూమాజెనిల్ వీరికి ఇస్తే మూర్ఛలు రావచ్చు. ఇతర కారణాలకు వైద్యం వేరు. సారాకు బానిసై తిండి మానినవారికి బి1 విటమిన్ సూది వేయాలి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. కాలేయం చెడితే లాక్టులోజ్, రక్తంలో చక్కెర పడిపోతే గ్లూకోజు. నల్లగొండలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మాత్రం ఎన్‌సెఫలోపతి కోవలోకి రాదు: అందులో పెరిగిన ఎముక నొక్కేది వెన్నుపామును. ఆ ఒత్తిడి తీయడానికి కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతుంది.