తార్నాకలో తెర వెలిగిన రోజులు

తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చౌకీ. తీగ కంచె వేసిన తోట పక్కన ఒక చౌకీ ఉండేదని, అదే తార్నాక అయిందని మన పెద్దలు చెప్పేవారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం అమరింది. ఒక పక్క యూనివర్సిటీ, ఒక పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, హబ్సిగూడ దారిలో ఆర్.ఆర్.ఎల్., ఎన్.జి.ఆర్.ఐ., ఆ తర్వాత సి.సి.ఎం.బి. మన బడిలో ఫిట్టర్ గారి అబ్బాయి, సైంటిస్టు గారి అమ్మాయి, ప్రొఫెసర్ గారి పిల్లలు ఒకే తరగతిలో చదివారంటే కారణం ఈ చుట్టుపక్కల సంస్థలే.

బడి కాకుండా ఈ జనమంతా ఒకే కప్పు కింద చేరిన చోటు సినిమా హాలు. మన తరానికి ఆ హాలు ఆరాధన. టికెట్టు ధర వేరు, కూర్చునే వరస వేరు. ఇంటర్వెల్ గంట మోగితే మాత్రం సమోసాల దగ్గర అందరిదీ ఒకే గుంపు. హాస్టల్లో ఉండే జిల్లాల విద్యార్థులు, నైట్ డ్యూటీ దిగిన రైల్వే కార్మికులు, పిల్లలతో వచ్చిన గృహిణులు అక్కడ పక్కపక్కన కనిపించేవారు.

ఆ రోజుల్లో హాలు నడిచిన తీరు వేరు. సినిమా అంటే ఒక వస్తువు, మోసుకెళ్లాల్సిన బరువు. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు కావాలి. అంటే 4 కిలోమీటర్ల పైమాటే, దాదాపు తార్నాక నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా పరచవచ్చు! ఇంత ఫిల్మ్‌ను కడిగి, ముద్రించి, డబ్బాల్లో పెట్టి పంపడం ఖర్చుతో కూడిన పని. అందుకే ప్రింట్లు లెక్కపెట్టి తీసేవారు. అవి ముందు రిలీజ్ సెంటర్లకు వెళ్లేవి. అక్కడ జోరు తగ్గాక మిగతా పేటలకు, చిన్న ఊళ్లకు 'షిఫ్టింగ్' అయ్యేవి. ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడిపే చోట రీలు డబ్బాలు సైకిళ్ల మీద పరుగులు తీసేవి.

పైన ప్రొజెక్టర్ గదిలో పని ఇంకా కష్టం. 2,000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోతుంది. అందుకని రెండు మెషిన్లు పక్కపక్కన ఉండేవి. తెర మీద కుడి పై మూలన చిన్న చుక్క మెరవగానే ఆపరేటర్ రెండో మెషిన్ అందుకోవాలి. వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీల మధ్య ఆర్క్ మండేది. కడ్డీలు కాలి తగ్గేకొద్దీ వాటి మధ్య దూరాన్ని సరిచేస్తూ ఉండాలి. కింద మనం ఈలలు వేస్తున్నంతసేపూ పైన ఒక మనిషి ఆ వేడిలో నిలబడి ఉండేవాడు. తర్వాత జెనాన్ దీపాలు వచ్చి ఆ శ్రమ కొంత తగ్గింది.

తెర కూడా పెరుగుతూ వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో, తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' 1986లో వచ్చాయి. 70 ఎం.ఎం. అంటే బొమ్మ పెద్దది కావడం ఒక్కటే కాదు, ఆరు ట్రాకుల ధ్వని కూడా. ఆ హంగు చూడటానికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సుదర్శన్, దేవి, సంధ్యల దాకా బస్సెక్కి వెళ్లేవారం.

హాళ్లను టీవీ చంపిందని చాలామంది అంటారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైంది, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. అయినా హాళ్లు నిలబడ్డాయి. 2003లో ప్రసాద్స్ వచ్చాక కూడా పేటల్లో హాళ్లు నడిచాయి. నా లెక్కలో అసలు దెబ్బ డిజిటల్ ప్రదర్శనది. ఫిల్మ్ పోయాక ప్రింట్ల కొరత పోయింది. ఒకే శుక్రవారం ఉదయం ఒకే సినిమా అన్ని హాళ్లలో పడుతుంది. మంచిదే, ఎవరూ ఆగనక్కర్లేదు. కాని పేటలోని హాలు బతికింది ఆ ఆగడం మీదే.

ఇంజనీరుగా చూస్తే ఇది లోడు సమస్య. వెయ్యి సీట్ల హాలు రోజుకు 4 ఆటలు వేస్తే 4,000 మంది చూడొచ్చు. యాభై రోజులు, వంద రోజులు ఆడే సినిమాకు తగిన కొలత అది. ఇప్పుడు జనమంతా మొదటి మూడు రోజుల్లో, పదుల చోట్ల చూసేస్తున్నారు. సోమవారానికి వెయ్యి సీట్లలో వంద నిండితే గొప్ప. కరెంటు బిల్లు, జీతాలు మాత్రం తగ్గవు. పైగా ప్రధాన రోడ్డు పక్క స్థలం విలువ ఏటా పెరుగుతోంది. 2020లో కరోనా మూత పడ్డాక నారాయణగూడ శాంతి, టోలీచౌకి గెలాక్సీ వంటివి మళ్లీ తెరుచుకోలేదు.

మల్టీప్లెక్సులో బొమ్మ, ధ్వని మెరుగే. కాని నలుగురున్న కుటుంబం ఒక సాయంత్రం సినిమాకు పెట్టే ఖర్చు చూడండి. మన క్లాసులో సగం మంది తండ్రులు ఆ ధరకు మనల్ని సినిమాకు తీసుకెళ్లగలిగేవారా? ఫిట్టర్‌నీ ప్రొఫెసర్‌నీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన చోటు పోతే దానికి బదులు ఏదీ రాలేదు. 2017 నవంబరు నుంచి తార్నాక మీదుగా మెట్రో నడుస్తోంది. అందులో అందరం పక్కపక్కనే కూర్చుంటాం, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటాం.

కార్బన్ ఆర్క్ ముందు నిలబడిన ఆపరేటర్లు, గేట్‌కీపర్లు, బుకింగ్ క్లర్కులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లు. వారిలో కొందరి పిల్లలు మన బడిలోనే చదివారు. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం వారి ఇళ్లకు వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేయాలని నా ప్రతిపాదన. ఫోన్లో రికార్డర్ అందరికీ ఉంది. కావలసింది రెండు ఆదివారాలు.