ఔత్సాహిక సాఫ్ట్‌బాల్‌లో సేవాగౌరవం: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతం

ఔత్సాహిక సాఫ్ట్‌బాల్‌కు టిక్కెట్ల రాబడి ఉండదు, ప్రసార హక్కులు ఉండవు, ఆటగాళ్లకు జీతాలు ఉండవు. అలాంటి ఆటను ఏళ్ల తరబడి నిలబెట్టిన శిక్షకులు, అంపైర్లు, స్కోరర్లు, వ్యాయామ ఉపాధ్యాయులు, మైదాన సహాయకుల కృషిని ఆ ప్రాంత క్రీడాసమాజం గుర్తించి నమోదు చేయడమే సేవాగౌరవం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతంలో ఈ ఆట బడి మైదానాలను నమ్ముకుని బతుకుతోంది. కనుక ఇక్కడ సేవాగౌరవాన్ని పదవీ విరమణ సభలో కప్పే శాలువాగా మాత్రమే చూడటం పొరపాటు. ఎవరు, ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ పని చేశారన్నది రాసిపెట్టుకోవడం ఆట నిర్వహణలో భాగం. ఆ రాత లేనిచోట ప్రతి తరమూ ఆటను మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఆట పుట్టుక

సాఫ్ట్‌బాల్ చరిత్రలో మొదట కనిపించేది విజేతలు కాదు, నిర్వాహకులు. 1887 నవంబరులో చికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్ వ్యాయామశాలలో జార్జ్ హాంకాక్ ఒక బాక్సింగ్ గ్లవ్‌ను బంతిలా బిగించి కట్టి, నేలమీద సుద్దతో గీతలు గీసి, అక్కడున్న కుర్రాళ్లచేత ఆడించాడు. 1895లో మినియాపొలిస్ అగ్నిమాపక దళానికి చెందిన లూయిస్ రోబర్ తన సిబ్బంది ఖాళీ వేళల్లో ఒళ్లు వంచడానికి ఇలాంటి ఆటనే ఏర్పాటు చేశాడు. 1926లో వాల్టర్ హకాన్సన్ ‘సాఫ్ట్‌బాల్’ అన్న పేరు సూచించాడు. 1933లో అమెరికాలో అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి, తలోచోట తలోరకంగా ఉన్న నియమాలను ఒక దారికి తెచ్చింది. ఒకరు గీతలు గీశారు, ఒకరు తోటివారిని ఆటకు పిలిచారు, ఒకరు పేరు పెట్టారు. ఈ ముగ్గురినీ ఆట గుర్తుంచుకున్నది వారు చేసిన పరుగుల వల్ల కాదు, చేసిపెట్టిన పనుల వల్ల.

ఒలింపిక్స్ విషయమూ ఈ మాటకే బలమిస్తుంది. మహిళల సాఫ్ట్‌బాల్ 1996 అట్లాంటాలో ప్రవేశించి 2008 బీజింగ్ దాకా సాగింది. 2012లోనూ 2016లోనూ చోటు దొరకలేదు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో తిరిగివచ్చి, 2024 పారిస్‌లో మళ్లీ తప్పుకుంది. 2028 లాస్ ఏంజలెస్ క్రీడలకు మరోసారి ఎంపికైంది. పతకాల పట్టికలో ఇన్నిసార్లు చోటు పోయినా ఆట అంతరించలేదు. బడుల్లో, కళాశాలల్లో, వాడల్లో దాన్ని ఆడించేవాళ్లు ఆడిస్తూనే ఉన్నారు. మన దేశంలో 1961లో సాఫ్ట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీల్లోనూ ఈ ఆట ఉండటంతో పల్లె బడులకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం ప్రాంతానికి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వంటి సంస్థ అండగా నిలిచి ఆడపిల్లలకు సైతం ఈ ఆట నేర్పింది. అంత పెద్ద సంస్థ వెనుక లేనిచోట బరువు మొత్తం వ్యాయామ ఉపాధ్యాయుల మీద, పాత ఆటగాళ్ల మీద పడుతుంది.

నీళ్ల మధ్య మైదానం

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా కరువైన క్రీడాసామగ్రి ఖాళీ నేల. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి కలుస్తాయి. ఆ నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంక గ్రామాలను మళ్లీ నీళ్లు చుట్టుముట్టాయి. గట్టు దాటితే చెరువు, చెరువు దాటితే వరిచేను. ఇలాంటి చోట హోం ప్లేటునుంచి రెండు వందల అడుగులకు పైగా తెరిపి కావలసిన ఆటకు మిగిలేది చాలాచోట్ల బడి ఆవరణే. అదీ నల్లరేగడి. ఒక జల్లు పడితే చెప్పులకు మట్టి ముద్దలు కడుతుంది. పాఠశాల క్రీడల ఎంపికలు సాధారణంగా వానాకాలం, తుపాన్ల నెలల్లోనే వస్తాయి.

ఆ నేలమీద గీతలు పడటం వెనుక ఉన్న పనితనాన్ని దగ్గరగా చూడాలి. హోం ప్లేటు వెనక కొన దగ్గర ఒక మేకు దిగగొడతారు. అక్కడినుంచి సూటిగా 84 అడుగుల పదింపావు అంగుళాలు కొలిచి రెండో బేస్ దగ్గర ఇంకో మేకు పాతుతారు. 120 అడుగుల పురికొసకు సరిగ్గా మధ్యలో, అరవై అడుగుల దగ్గర, ముడి వేసి రెండు కొసలూ రెండు మేకులకు కడతారు. ముడి పట్టుకుని కుడివైపు బిగించి లాగితే మొదటి బేస్ దొరుకుతుంది, ఎడమవైపు లాగితే మూడోది. మధ్యరేఖ మీద మహిళలకు 43 అడుగులు, పురుషులకు 46 అడుగుల దూరంలో పిచ్చర్ పలక. చిన్న వయసు విభాగాలకు ఆ దూరం తగ్గుతుంది. తర్వాత పురికొస వెంబడి సున్నం పోస్తారు. పురికొస తడిసి సాగితే కొలత తప్పుతుంది, కొలత తప్పితే ప్రతి నిర్ణయం మీదా తగువే. రాత్రి వాన కురిస్తే తెల్లవారకముందే ఇదంతా మళ్లీ చేయాలి. మొదటి బంతి పడే వేళకు ఈ పని చేసిన మనిషి గట్టు మీద నిలబడి ఉంటాడు. సాయంత్రం బహుమతుల వేళ అతని పేరు పిలిచేవారు అరుదు.

ఒకరి కాలువ, ఇంకొకరి కాపలా

పేరు దక్కేవారికీ పని చేసేవారికీ మధ్య ఈ తేడా గోదావరి ప్రాంతానికి కొత్తది కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఇక్కడి రైతులు ఊరూరా విగ్రహాలు నిలిపారు. అది న్యాయమైన గౌరవమే. కాని ఆ నీరు ఏలూరు కాలువ చివరి భూములకు అందాలంటే రాత్రి వేళ తూము దగ్గర నిలబడే లస్కరు ఉండాలి. కాలువ తవ్వించినవారి పేరు చరిత్రకు తెలుసు, నీటిని కాచినవారి పేరు ఆ ఊరికైనా గుర్తుండదు. క్రీడల్లోనూ ఇదే వరస. ఏలూరు స్టేడియానికి అల్లూరి సీతారామరాజు పేరుంది. విజయవాడ ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాల్ అనే బరువులెత్తే వీరుడి పేరు పెట్టడం క్రీడాకారుడికి దక్కిన మంచి గుర్తింపు. అయితే భవనం పేరు ఒక్కరికే సరిపోతుంది. పాతికేళ్లు పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లిన పదిమందికి చోటు ఇంకెక్కడో చూడాలి.

జాతీయ పురస్కారాలు ఆ చోటు ఇవ్వలేవు. 1961లో మొదలైన అర్జున, 1985లో మొదలైన ద్రోణాచార్య అంతర్జాతీయ ఫలితాలను కొలబద్దగా పెట్టుకున్నాయి. 2002లో జీవితకాల సేవకు ధ్యాన్‌చంద్ పేరిట నెలకొల్పిన పురస్కారం కూడా ముందు క్రీడాకారులుగా పేరు తెచ్చుకున్నవారి కోసమే ఉండేది. 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి కథలో ఊసవానిపేటలో తొలి పాఠాలు చెప్పిన నీలంశెట్టి అప్పన్న పేరు వినిపిస్తుంది. శిష్యురాలు అంత ఎత్తుకు ఎదిగింది కనుకే ఆ గురువు పేరు లోకానికి తెలిసింది. శిష్యులు జిల్లా జట్టు దాకా వెళ్లి, తర్వాత ఆక్వా చెరువుల మీదనో బడిలోనో బ్యాంకులోనో పనిచేసుకుంటుంటే వారి గురువు సంగతేమిటి? అతని శ్రమ తక్కువది కాదు, దాన్ని కొలిచే తూకం మాత్రం ఆ జాతీయ పురస్కారాల దగ్గర లేదు. అమెరికా సాఫ్ట్‌బాల్ సమాజం 1957లో నెలకొల్పిన గౌరవ మందిరంలో ఆటగాళ్లతోపాటు అంపైర్లకు, విశిష్ట సేవ చేసినవారికి వేరే విభాగాలు ఏర్పడటానికి కారణం ఇదే: ఒక తూకంతో అన్ని పనులనూ తూచలేం.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం జీతం గురించినది. పీఈటీలకు, పీడీలకు (వ్యాయామ ఉపాధ్యాయులకు, ఫిజికల్ డైరెక్టర్లకు) ప్రభుత్వం జీతం ఇస్తోంది, వారి పని వారు చేస్తే సన్మానమెందుకు అంటారు. జీతం బడి వేళల పనికి. సెలవునాడు గీతలు గీయడం, ఇంకో మండలం జట్ల మధ్య అంపైరుగా నిలబడి తిట్లు తినడం ఆ వేళల లెక్కలోకి రావు. ఆడపిల్లల జట్టు వెంట మేనేజరుగా వెళ్లే ఉపాధ్యాయిని బాధ్యత ఇంకా బరువైనది. ఆమె వస్తానంటేనే చాలా ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లను పంపుతారు. ఆమె పేరు స్కోరు పుస్తకంలో ఉండదు, ఫొటోలో చివరన ఉంటుంది. పైగా ఈ పనులు చేసేవాళ్లందరూ ఉద్యోగులు కారు. ఆట మానేశాక అంపైర్లుగా, స్కోరర్లుగా మిగిలిపోయిన పాత ఆటగాళ్లకు ఆ జీతమూ లేదు.

రెండోది డబ్బు గురించినది. ఫీల్డింగ్ జట్టుకు తొమ్మిది గ్లవ్‌లు కావాలి. గ్లవ్‌లు చాలని చోట ఇన్నింగ్స్ మారగానే ఒక జట్టు విప్పినవే రెండో జట్టు తొడుక్కుంటుంది. క్యాచర్‌కు ముఖకవచం, ఛాతీ కవచం, కాలిపట్టీలు కావాలి. ఇవి కొనకుండా శాలువాలు కొంటారా అన్న ప్రశ్నకు తల వంచాల్సిందే. శాలువా, మెమెంటో, ఫ్లెక్సీల ఖర్చు గ్లవ్‌లకు మళ్లిస్తే ఆ సన్మానితులే ముందు సంతోషిస్తారు. ఇక్కడ కోరుతున్న గౌరవానికి ఖర్చు లేదు: జిల్లా స్థాయిలో ఒక నమోదు పుస్తకం, ఏటా పోటీల వేళ దాన్ని చదివి వినిపించడం.

మూడోది అన్నిటికన్నా గట్టిది. సంఘాల్లో కుర్చీ వదలనివారే ‘దీర్ఘకాల సేవ’ పేరుతో తమను తాము సన్మానించుకుంటారన్న అనుమానం నిరాధారమైనది కాదు. ఆ బెడద దేశమంతా ఉండబట్టే 2011 జాతీయ క్రీడా నియమావళి పదవులకు డెబ్బై ఏళ్ల వయోపరిమితిని, అధ్యక్షుడికి పన్నెండేళ్ల గడువును విధించింది. అందుకే పదవిలో గడిపిన ఏళ్లను, పనిలో గడిపిన ఏళ్లను వేరు చేయాలి. పని సాక్ష్యం వదులుతుంది: అంపైరు సంతకం ఉన్న స్కోరు పత్రం, మేనేజరు పేరున్న జట్టు జాబితా, మైదానం బాధ్యులను నియమించిన ఉత్తర్వు. కాగితం చూపగలిగిన సేవనే లెక్కలోకి తీసుకుంటే కుర్చీకి దారి మూసుకుపోతుంది. కాగితం మిగలని పాత తరం విషయంలో ఈ నియమం కఠినమే. వారికోసం కనీసం ఇద్దరు పాత ఆటగాళ్ల రాతపూర్వక వాంగ్మూలాన్ని అంగీకరించడం సబబు.

చెదిరిన కాగితాలు

నమోదు ఆలస్యమైతే జరిగే నష్టం ఇక్కడ మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లాకు భీమవరం కేంద్రమైంది, తాడేపల్లిగూడెం అందులో ఉండిపోయింది. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. ఫలితంగా ఒకే సరస్సు చుట్టూ పనిచేసినవారి వివరాలు మూడు జిల్లాల దస్త్రాల్లో చెదిరిపోయాయి. కైకలూరు ఉపాధ్యాయుడి సేవ కృష్ణా కాగితాల్లో, తాడేపల్లిగూడెం అంపైరుది పశ్చిమ గోదావరి కాగితాల్లో వెతకాలి. ఏలూరు చరిత్రను 2022 నుంచి మొదలుపెడితే అంతకుముందు ఆడించినవారు ఏ జిల్లాకూ చెందనివారవుతారు. కాబట్టి నమోదుకు హద్దు జిల్లా గీత కారాదు, ఆట సాగిన మైదానం కావాలి. తెలుగునాట ఇలాంటి రాతకు పాత వరవడి ఉంది. దాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీపానికి గొర్రెలిచ్చిన దాతల పేర్లు, గొర్రెల సంఖ్య, తేదీతో సహా కనిపిస్తాయి. ‘ఎందరో దాతలు’ అని ఊరుకోలేదు గనుకే, దీపాలు ఆరిన తర్వాత కూడా వారెవరో మనకు తెలుస్తోంది.

స్కోరు పుస్తకం నేర్పే పద్ధతి

ఎలా రాయాలన్నది కూడా ఈ ఆటే చెబుతుంది. సాఫ్ట్‌బాల్ స్కోరింగ్‌లో ప్రతి స్థానానికీ ఒక అంకె: పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఆ వెనుక ముగ్గురూ 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి ఆపి మొదటి బేస్‌కు విసిరి బ్యాటర్‌ను ఔట్ చేస్తే స్కోరర్ 6-3 అని రాస్తాడు. బంతి పట్టినవారికి పుటౌట్, విసిరినవారికి అసిస్ట్ జమవుతాయి. ముగ్గురి చేతులు తగిలితే మూడు అంకెలూ పడతాయి. తోటి ఆటగాడిని ముందుకు జరపడానికి బ్యాటర్ బంతిని మెల్లగా తట్టి తాను ఔటైతే దాన్ని శాక్రిఫైస్ అంటారు. ఆ ఔట్‌ను అతని బ్యాటింగ్ సగటులో లెక్కించరు. అంటే తోటివాడి పరుగు కోసం తాను తప్పుకున్న సంగతిని ఈ ఆట మరిచిపోదు, దానికి గడి కేటాయించి రాస్తుంది.

సేవాగౌరవమూ ఈ పద్ధతిలోనే నడవాలి. ‘విశేష సేవలందించిన’ వంటి సన్మానపత్రాల మాటలు ఎవరికైనా సరిపోతాయి, అందుకే ఎవరినీ చూపించవు. ఫలానా బడి మైదానంలో ఫలానా ఏడాదినుంచి ఫలానా ఏడాదిదాకా గీతలు గీసినవారు, ఇన్ని పోటీలకు అంపైరుగా నిలిచినవారు, ఇన్నిసార్లు ఆడపిల్లల జట్టును క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చినవారు అని రాస్తే అది ఒక్కరిదే అవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడికి ఆ పుటే దారి చూపుతుంది: తడిసిన రేగడి మీద పురికొస సాగితే ఏం చేయాలో ఎవరిని అడగాలన్నది అతనికి తెలుస్తుంది.